శుక్లం ఆపరేషన్ తర్వాత: మెడికేర్‌తో నా తిప్పలు

టెక్సస్‌లో ఒక చిన్న కంటి క్లినిక్‌లో బిల్లింగ్ చూస్తాను. మా డాక్టరుగారు ఆప్టోమెట్రిస్ట్, ఆపరేషన్లు చెయ్యరు. శుక్లం తీసిన సర్జన్ అప్పగిస్తే, ఆ పేషెంట్లను తర్వాత మేం చూస్తాం. అందరూ దాదాపు 65 దాటినవాళ్లే కాబట్టి ఆ డబ్బు మెడికేర్ నుంచి, అంటే పెద్దవాళ్లకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా నుంచి రావాలి.

లెక్క విచిత్రంగా ఉంటుంది. ఆపరేషన్‌కీ, తర్వాతి 90 రోజుల పరీక్షలకీ కలిపి ఒకటే ఫీజు. ఆ పరీక్షల వాటా 20 శాతం, అదీ రోజుల చొప్పున పంచుతారు. సర్జన్ మొదటి 7 రోజులు చూసుకుని పంపితే మాకు 83 రోజులు. మొత్తం ఫీజు 100 డాలర్లనుకుంటే మాకొచ్చేది 18 డాలర్ల 44 సెంట్లు. అందులోనూ మెడికేర్ 80 శాతమే ఇస్తుంది, మిగతాది పేషెంటో, ఆయన రెండో ఇన్సూరెన్సో కట్టాలి.

మా పేషెంటు నెల్లూరు పెద్దాయన ఒకరు. ఆయన క్లెయిమ్‌లో తొలి తప్పు నాదే. ఆయన మా దగ్గరికొచ్చిన తేదీ వేశాను. వెయ్యాల్సింది ఆపరేషన్ జరిగిన తేదీ! కోడ్ కూడా సర్జన్ వాడిన శుక్లం ఆపరేషన్ కోడ్ 66984నే వెయ్యాలి. పక్కన 55 అనే మోడిఫైయర్, అంటే తర్వాతి పరీక్షలు మటుకే మావని చెప్పే గుర్తు, ఏ కన్నో, ఏ రోజు నుంచి మేం చూస్తున్నామో కూడా రాయాలి. అన్నీ సరిచేసి పంపాను. మళ్లీ డినయల్, డబ్బు ఇవ్వం అని. ఈసారి కారణం సీఓ 97, అంటే ఈ పనికి డబ్బు వేరే చెల్లింపులో కలిసి వెళ్లిపోయిందని.

వెళ్లింది సర్జన్ ఆఫీసుకే. వాళ్లు 54 పెట్టాలి, ఆపరేషన్ మటుకే మాది అని చెప్పడానికి. పెట్టలేదు, 90 రోజుల డబ్బూ వాళ్లకే పడింది. ఫోన్ చేస్తే, "మాకు పేమెంట్ వచ్చేసిందండీ, మా క్లెయిమ్‌లో తప్పేం లేదు" అన్నారు. వచ్చేసిందనే కదా నా గొడవ! అప్పగింత ఉత్తరం ఫ్యాక్స్ చేశాను, వారానికోసారి ఫోన్ చేశాను. ఆపరేషన్ తేదీ నుంచి ఏడాది దాటితే క్లెయిమ్ చెల్లదని నా టెన్షన్.

ఈలోగా పెద్దాయన మెడికేర్ పంపిన కాగితం పట్టుకుని వచ్చారు.

"అమ్మాయ్, డినైడ్ అని ఉందే, నేను కట్టాలా?"

"అక్కర్లేదు బాబాయిగారూ. ఇది బిల్లు కాదని అందులోనే రాసుంది చూడండి. సీఓ అని వస్తే ఆ డబ్బు మిమ్మల్ని అడగకూడదు కూడా."

ఆయన కుదుటపడ్డారు. కానీ కళ్లజోడు నంబరు చూసినందుకు ఫీజు అడగ్గానే మళ్లీ మొదలెట్టారు. ఆపరేషన్ తర్వాత ఒక జోడుకు మెడికేర్ తన వాటా ఇస్తుంది, నంబరు పరీక్షకు మాత్రం ఇవ్వదు.

"కన్ను కోస్తే ఇస్తారు, నంబరు చూస్తే ఇవ్వరా?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. గొణుక్కుంటూనే కట్టారు.

చివరికి సర్జన్ ఆఫీసువాళ్లు రీఓపెనింగ్ అడిగి, అంటే పాత క్లెయిమ్‌ను మళ్లీ తెరిపించి, 54 చేర్పించారు. వాళ్లకు ఎక్కువ ఇచ్చిన డబ్బును మెడికేర్ వెనక్కి తీసుకున్నాక నేను మళ్లీ పంపాను. ఆన్‌లైన్ క్లెయిమ్ ఎంత సరిగ్గా ఉన్నా రెండు వారాల లోపు డబ్బు పడదు. ఆగాను, పడింది.

వచ్చే నెల ఆయన రెండో కంటికి ఆపరేషన్. ఈసారి సర్జన్ ఆఫీసుకు ముందే ఫోన్ చేసి పెట్టాను.

"54 గుర్తుంది కదండీ?"