పెనాంగ్ గోడల మీది పిల్లలు

మలేషియాలోని పెనాంగ్ దీవి అనగానే కౌలాలంపూర్‌లో ఉండే మా అక్కకి తిండి గుర్తొస్తుంది, బావకి సముద్రం. నాకేమో అక్కడి పాత ఊరు జార్జ్‌టౌన్ వీధుల్లో గోడల మీద వేసిన బొమ్మలు చూడాలని ఎప్పటినుంచో ఉంది. పొద్దున ఎండెక్కక ముందే బొమ్మలు చూసేద్దాం, ఆ తర్వాత మీ ఇష్టం అని ఒప్పించాను.

కౌలాలంపూర్ నుంచి, దీవికి ఎదురుగా ఒడ్డున ఉన్న బటర్‌వర్త్ దాకా ఈటీఎస్ అనే ఎలక్ట్రిక్ రైలు, నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దగ్గరలోనే ఫెర్రీ. బ్రిడ్జి మీంచి కార్లోనూ వెళ్లొచ్చు గానీ, ఫెర్రీయే ఎక్కండి. ఇది ఓడల వల్ల పుట్టిన ఊరు, నీళ్ల మీంచే చూడాలి. 1786లో ఈస్టిండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ లైట్ ఇక్కడ దిగి రేవు కట్టించాడు. ఆ తర్వాత చైనా వాళ్లు, తమిళులు, సుమత్రా వాళ్లు, అర్మేనియన్లు ఎవరి వీధి వాళ్లు పెట్టుకున్నారు. 2008లో మలక్కాతో కలిపి యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మేం అర్మేనియన్ స్ట్రీట్‌కి చేరేసరికి ఎనిమిదిన్నర. అప్పటికే సైకిల్ బొమ్మ ముందు లైను. ఒక అక్క సైకిల్ తొక్కుతుంటే వెనక కూర్చున్న తమ్ముడు ఆమెని గట్టిగా పట్టుకుని నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. పిల్లలిద్దరూ గోడ మీది రంగు. సైకిల్ మాత్రం నిజంది, తుప్పు పట్టిన పాతది, గోడకి బిగించేశారు. లిథువేనియాకి చెందిన ఎర్నెస్ట్ జకారెవిచ్ 2012లో జార్జ్‌టౌన్ ఫెస్టివల్ కోసం వేసిన బొమ్మల్లో ఇదొకటి. ఈ ఊరి అక్కాతమ్ముళ్లనే చూసి వేశాడు.

లైనులో మా వంతు రాగానే "నువ్వు వెనక నిలబడరా" అంది అక్క. ముప్పై దాటిన నేను ఆ బుడతడి వెనక నిలబడి, వాడిలాగే నోరు తెరిచి ఫోటో దిగాను. నాకంటే ముందు దిగినవాళ్లందరూ అలాగే తెరిచారు. బొమ్మ సగం వేసి వదిలేస్తే మిగతా సగం జనమే పూర్తి చేస్తారని జకారెవిచ్‌కి బాగా తెలుసు. ఆ కిటుకు మీదే అతని బొమ్మలు చాలా వరకు నడుస్తాయి.

అహ్ క్వీ స్ట్రీట్‌లో గోడకి ఆనించిన నిజం మోటార్ సైకిల్ మీద వెనక్కి తిరిగి చూస్తున్న కుర్రాడు. కానన్ స్ట్రీట్‌లో నిజం కుర్చీ ఎక్కి పైనున్న కంతలోకి చెయ్యి చాపుతున్న పిల్లవాడు. ముంట్రీ స్ట్రీట్‌లో మాత్రం నేను చాలాసేపు ఆగిపోయాను. నీలం బట్టల్లో ఉన్న ఒక పిల్ల, గోడంత పొడవు, రెండు చేతులూ రెండు కిటికీల మీద వేసి వేలాడుతోంది. ఇక్కడ ఎక్కి కూర్చోడానికి బండి లేదు, కుర్చీ లేదు. అందుకే లైనూ లేదు. నా లెక్కలో అన్నిటికన్నా మంచి బొమ్మ ఇదే.

అయితే నాకు ఈ ఊరిని చూపించింది రంగు బొమ్మలు కావు, ఇనప కడ్డీల బొమ్మలు. యునెస్కో జాబితాలో చేరాక రాష్ట్ర ప్రభుత్వం ఒక పోటీ పెట్టింది. అందులో కౌలాలంపూర్‌కి చెందిన స్కల్ప్చర్ ఎట్ వర్క్ సంస్థ ఆలోచన నెగ్గింది. సన్నటి ఉక్కు కడ్డీలని వంచి కార్టూన్లు చేసి, ఏ వీధి కథని ఆ వీధి గోడకే తగిలించారు. మొత్తం 52. గోడ ముందు నల్లగీతలా కనిపిస్తాయి, పక్కనే నాలుగు మాటల వివరణ. వీటి ముందు ఆగేవాళ్లు తక్కువ.

లవ్ లేన్‌లో ఒక మొగుడు కిటికీలోంచి జారుకుంటున్నాడు. ముంట్రీ స్ట్రీట్‌లో ఉండే షావుకార్లు తమ ఉంపుడుగత్తెలని ఈ సందులో పెట్టేవారని జనం చెప్పుకునే కథ అది. మా బావ దాన్ని అవసరమైన దానికంటే ఎక్కువసేపే చదివాడు. ముంట్రీ స్ట్రీట్‌లో పెద్దిళ్లలో పనికి కుదిరిన కాంటనీస్ ఆయాల బొమ్మ ఉంది. ఇంటెడు చాకిరీ ఒంటిచేత్తో చేసిన ఆడవాళ్లు. చెప్పుల డిజైనర్ జిమ్మీ చూ పని నేర్చుకున్న చోటుకీ ఒక బొమ్మ ఉంది. కానన్ స్ట్రీట్‌లో 1867 నాటి అల్లర్లలో ఫిరంగి గుండు పడి గొయ్యి ఏర్పడిన సంగతి. ఒకప్పుడు తాళ్లు పేనిన వీధిలో తాళ్ల పని గురించి. ఇవి చదువుకుంటూ పోతే వీధి మొత్తం పాత ఇంట్లో పెద్దవాళ్లు చూపించే ఫోటో ఆల్బమ్‌లా తెరుచుకుంటుంది. వెంటనే తల పైకెత్తి ఇళ్లని చూడటం మొదలుపెట్టాను. కింద కొట్టు, పైన కాపురం, ముందు ఐదడుగుల అరుగు, దాని మీదే నడక. వాన పడ్డా తడవకుండా వీధి చివరి దాకా వెళ్లిపోవచ్చు, ఎవరూ సామాన్లు పెట్టి అడ్డం కట్టకపోతే.

ఆ పైన కాపురాల గురించి అడిగితే, అగరొత్తుల కొట్టులో పెద్దాయన ఇంగ్లీషులో ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. చిన్నప్పుడు ఆయన ఉన్న ఇంట్లో మూడు కుటుంబాలట, మేడ మెట్ల మీద ఎప్పుడూ పిల్లలేనట. అద్దెలు పెంచకుండా కాపాడిన చట్టాన్ని 2000లో ఎత్తేశారు. నామమాత్రపు అద్దెలకి తరాల తరబడి ఉన్నవాళ్లు కొత్త అద్దెలు కట్టలేక ఊరి బయట అపార్ట్‌మెంట్లకి వెళ్లిపోయారు. ఖాళీ అయిన మేడల్లో కొన్నింటిని మూసేసి, గూళ్ల కోసం పిట్టల్ని పెంచారు. ఆ గూళ్లతో చైనా వాళ్లు సూపు చేసుకుంటారు, ఖరీదు ఎక్కువ. యునెస్కో గుర్తింపు వచ్చాక పిట్టల పెంపకాన్ని ఆపించారు. ఆ మేడల్లోకి ఇప్పుడు బొటిక్ హోటళ్లూ కాఫీ షాపులూ వస్తున్నాయి.

ఇది విన్నాక సైకిల్ మీది పిల్లలు నాకు ఇంకోలా కనిపించారు. గోడల మీద పిల్లలు ఆడుకుంటున్నారు, ఫోటోలు దిగే పెద్దవాళ్లూ ఆడుకుంటున్నారు. వీధిలో కాపురముండి ఆడుకునే పిల్లలు మాత్రం నాకు పెద్దగా కనబడలేదు. దీనికి చిత్రకారుడిది తప్పనను, అద్దె చట్టం అతనికంటే పన్నెండేళ్లు ముందే పోయింది. కానీ బొమ్మలు చూడటానికి జనం వచ్చేకొద్దీ ఆ కాపురాలు తిరిగొచ్చే అవకాశం ఇంకా తగ్గిందని మాత్రం అనుకుంటాను. పెద్దాయన నా అంత ఆవేశపడలేదు. "బేరం బాగుంది" అని నవ్వాడు. ఆయన కొట్లో ముందు వరసలో అగరొత్తులు లేవు, సైకిల్ బొమ్మ ఉన్న ఫ్రిజ్ మాగ్నెట్లు ఉన్నాయి.

జకారెవిచ్‌కి అన్నిచోట్లా ఇంత ఆదరణ దొరకలేదు. 2013లో మలేషియా దక్షిణపు కొసన ఉన్న జోహోర్ బారు ఊళ్లో ఒక మూల గోడ మీద, ఖరీదైన బ్యాగు పట్టుకున్న లెగో ఆడబొమ్మనీ, మలుపు అవతల కత్తి పట్టుకుని కాచుకున్న లెగో దొంగనీ వేశాడు. ఆ ఊళ్లో దొంగతనాలెక్కువని జనానికి ఉన్న భయం మీద అది. నగరపాలక సంస్థ దాని మీద రంగు కొట్టించేసింది. పెనాంగ్ బొమ్మలు ఎవరినీ నొప్పించవు కాబట్టే అవి మాగ్నెట్లయ్యాయేమో అనిపించింది.

పదకొండు దాటితే ఎండ, ఉక్క కలిసి నిలబడనివ్వవు. నీళ్ల మీద కర్రలు పాతి కట్టిన చ్యూ జెట్టీ ఇళ్లని పైపైన చూసి లిటిల్ ఇండియాకి వచ్చేశాం. 1833 నాటి మారియమ్మన్ గుడి దగ్గర పూలకొట్టు ఆవిడతో నాకొచ్చిన నాలుగు తమిళ ముక్కలు మాట్లాడితే, మేం తెలుగువాళ్లమని పట్టేసింది. తన కోడలు పక్క రాష్ట్రం పేరాక్ వైపు కొబ్బరి తోటల్లోని తెలుగు కుటుంబం పిల్లట. మలయా తోటల్లో పనికి శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లినవాళ్ల సంతతి. ఫోన్ కలిపి ఇచ్చింది. అటువైపు అమ్మాయి "భోంచేశారా అండి?" అని అడిగింది. లేదంటే నాసి కందర్, అంటే పులుసులు పోసిచ్చే అన్నం, ఎక్కడ తినాలో, అన్ని రకాల పులుసులూ కలిపి పోయమని ఎలా అడగాలో వరసగా చెప్పింది. అక్క ఫోన్ లాక్కుని నోట్ చేసుకుంది.

వెళ్లాలనుకునేవాళ్లకి ఒకటి రెండు మాటలు. 2023 డిసెంబరు నుంచి మన పాస్‌పోర్టుకి మలేషియా వీసా అడగట్లేదు, బయల్దేరే ముందు ఆన్‌లైన్లో అరైవల్ కార్డు నింపుకుంటే చాలు. అయినా టికెట్ కొనే ముందు ఒకసారి సరిచూసుకోండి. పాత ఊరిలో తిరిగే క్యాట్ అనే సిటీ బస్సు ఉచితం. ముందు ముంట్రీ స్ట్రీట్, లవ్ లేన్ నడిచి కడ్డీ బొమ్మలు చదవండి, సైకిల్ దగ్గరికి ఆ తర్వాత వెళ్లండి. లైను ఎలాగూ ఉంటుంది.