మా అమ్మనడిగి రాసుకురమ్మన్న మేడమ్

మన కాలేజీ సంచికకు ఏదైనా రాయమని ఫోన్ రాగానే నాకు గుర్తొచ్చింది డిగ్రీ రెండో ఏడులో మన సోషియాలజీ మేడమ్, దళిత, మహిళా ఉద్యమాల మీద పుస్తకాలు రాసిన గెయిల్ ఆమ్వెట్ గురించి చెప్పిన క్లాసు. ఆ పేరు సిలబస్‌లో లేదు. మేడమ్‌కు ఇష్టం కాబట్టి చెప్పారు.

గెయిల్ 1941లో అమెరికాలోని మిన్నియాపొలిస్‌లో పుట్టారు. ఫూలే మొదలుపెట్టిన బ్రాహ్మణేతర ఉద్యమం మీద పరిశోధన చేసి 1973లో బర్కిలీలో డాక్టరేట్ తీసుకున్నారు. పట్టా చేతికొచ్చాక మన దేశంతో పని తీరిందని అనుకోలేదు. ఉద్యమకారుడు భరత్ పాటంకర్‌ను పెళ్లి చేసుకుని, మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలోని కాసేగావ్‌లో కాపురం పెట్టారు. 1983లో భారత పౌరసత్వం తీసుకున్నారు. మరాఠీ నేర్చుకుని కూలి ఆడవాళ్ల మధ్య తిరిగారు. వాళ్ల పోరాటాల మీద 1980లో ఆమె తెచ్చిన పుస్తకాన్ని మేడమ్ పేజీ పేజీ తెలుగులో చెబుతుంటే క్లాసులో అలికిడి లేదు.

చివర్లో మేడమ్, "మీకు తెలిసిన కూలి మనిషినొకరిని అడిగి నాలుగు పేజీలు రాసుకురండి" అన్నారు.

నేను అమ్మ గురించి రాశాను. మొదటి వాక్యం, 'మా అమ్మ చదువుకోలేదు, ఆమెకేమీ తెలియదు.' మేడమ్ దాని కింద గీత గీసి, "ఈ మాట మీ అమ్మ అన్నదా, నువ్వన్నావా?" అని అడిగారు. ఏం చెప్పాలో తెలియలేదు. నేను అమ్మను ఒక్క మాటా అడగకుండానే రాశాను మరి.

ఆ రాత్రి అడిగాను. మిరపకాయలు కోసిన రోజు చేతులు మండిపోయి అన్నం కలుపుకోలేకపోయేదట. అందుకే చెంచాతో తినేదట. అమ్మకు చెంచాతో తినడం ఇష్టమని నేను చిన్నప్పటి నుంచీ అనుకుంటూ ఉన్నాను. నాలుగు పేజీలు అనుకున్నది పదకొండు పేజీలైంది.

మధ్యలో అమ్మ కూడా నన్నొకటి అడిగింది. "ఆ అమెరికా పిల్లను అత్తగారు బాగా చూసుకుందా?" మర్నాడు మేడమ్‌ను అడిగి వచ్చి చెప్పాను. అత్తగారు ఇందుమతి పాటంకర్ స్వాతంత్ర్య సమరయోధురాలు, సతారాలో బ్రిటిష్ వాళ్లకు పోటీగా నడిచిన 'ప్రతి సర్కార్' అనే సమాంతర ప్రభుత్వంలో పనిచేసిన మనిషి. అమ్మ "అయితే పర్లేదు" అంది, నిజంగానే ఊరట పడినట్టు.

చదువైపోయిన చాలా ఏళ్లకు గెయిల్ 1994 నాటి పుస్తకం నా చేతికొచ్చింది. మహారాష్ట్రతో పాటు మన ఆంధ్ర, హైదరాబాద్ దళిత ఉద్యమాల చరిత్ర కూడా అందులో ఉంది. నా కుల సర్టిఫికెట్ మీద 'ఆది ఆంధ్ర' అని ఉంటుంది. ఆ పేరు వెనక 1917లో హైదరాబాద్ దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన విజయవాడలో జరిగిన సభ ఉంది. బస్సెక్కితే గంటలో చేరే ఊరు! అక్కడ మా వాళ్లు మాకు ఒక పేరు పెట్టుకున్నారని మా పేటలో నాకెవరూ చెప్పలేదు. మిన్నియాపొలిస్‌లో పుట్టినావిడ ఆ కాలాన్ని వెతికి రాస్తే చదివాను. ఆ పుస్తకం దగ్గర చాలాసేపు ఏడ్చాను. ఆ కృతజ్ఞత ఇప్పటికీ తగ్గలేదు.

2021 ఆగస్టు 25న ఆమె పోయారని తెలిసి అమ్మకు ఫోన్ చేశాను. అమ్మకు గుర్తుంది.

"అత్తగారి ఊళ్లోనేనా?" అంది.

"ఆ ఊళ్లోనే అమ్మా" అన్నాను.