చేతుల్లో పూలు, ఎదురుగా మైకు

ఫోనులో ఎర్ర చుక్క వెలిగిందంటే చాలు, నా గొంతు ఎటో పోతుంది. వంటింట్లో పాడతాను, మిద్దె మీద బట్టలు ఆరేస్తూ పాడతాను. రథసప్తమికి దేవుని కడప తేరు ముందు భజన వాళ్ళతో కలిసి అంత జనంలో పాడాను. ఎవరూ లేని గదిలో తలుపేసుకుని రికార్డింగ్ నొక్కి పాడమంటే మాత్రం రెండో పాదానికే ఆయాసం. మనుషులకు భయపడనిదానివి మిషనుకు భయపడతావా అని ఇంట్లో అందరూ నవ్వుతారు.

నవ్వితే నవ్వారులే అని వదిలేసేదాన్నే. కానీ ప్రొద్దుటూరు నుంచి మా అక్క ఫోన్ చేసింది. కూతురి పెళ్ళి. నలుగు పెట్టేటప్పుడు జేజి పాట ఉండాలట. జేజి, అంటే మా నాయనమ్మ, పోయి పదకొండేళ్ళు. ఆ పాట మొదటి నుంచి చివరి దాకా వచ్చినదాన్ని ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను. "పెళ్ళికి ఎట్లాగూ వస్తావు, అప్పుడు పాడుదువులే. కానీ ముందే రికార్డు చేసి పెట్టు. ఆ సందట్లో ఏం వినపడుతుంది? రేపు పిల్లలకన్నా ఉంటుంది," అనింది. పెళ్ళికి ఐదు వారాలుంది. సరేనన్నాను. మూడున్నర నిమిషాల పాటకు ఐదు వారాలు చాలవా అనుకున్నాను, లెక్కల టీచర్ని గదా.

ఆ రాత్రే ఫోనులో పాడి విన్నాను. అది నా గొంతు కాదనిపించింది. సన్నగా, ముక్కుతో పాడినట్టు. మన గొంతు మనకు రెండు దారుల్లో వినపడుతుందని తర్వాత తెలిసింది. ఒకటి గాల్లోంచి చెవికి, రెండోది తల ఎముకల్లోంచి లోపలి చెవికి. ఎముకల దారిలో మంద్రం ఎక్కువగా వస్తుంది. రికార్డింగులో ఆ దారి ఉండదు కాబట్టి మనకు మనం పలచగా వినపడతాం. అంటే ఊళ్ళో వాళ్ళు ఇన్నేళ్ళూ విన్నది ఆ పలచటి గొంతునే. ఇది తెలిశాక ధైర్యం రావాలి గానీ, నాకు ఇంకా సిగ్గేసింది.

శ్రుతి సంగతి మరీ ఘోరం. పాట ఎత్తుకున్న చోటికీ దింపిన చోటికీ పొంతన లేదు. టెన్షన్‌లో ఊపిరి పైపైనే ఆడుతుంది, గొంతు బిగుస్తుంది, నడక ఉరుకవుతుంది. మూడున్నర నిమిషాల పాటను రెండుంబావు నిమిషాల్లో ముగించేశాను. పెళ్ళికూతురికి నలుగు పెట్టినట్టు లేదు, బస్సు అందుకోబోతున్నట్టుంది.

ఇలాంటప్పుడు ఎవరైనా కూర్చుని సాధన చేస్తారు. నేను మైకుల గురించి చదవడం మొదలుపెట్టాను. కండెన్సర్, డైనమిక్, కార్డియాయిడ్, యూఎస్‌బీ, ఎక్స్‌ఎల్‌ఆర్ అని నోటుబుక్కులో పట్టికలు గీశాను. పది రోజులు అలా గడిచాయి. అదంతా పాడకుండా తప్పించుకునే ఉపాయమని ఇప్పుడు తెలుస్తోంది, అప్పుడు మాత్రం పని చేస్తున్నాననే అనుకున్నాను. చివరికి ఆన్‌లైన్‌లో పన్నెండు వందలకు స్టాండు, స్పాంజి, గుండ్రటి వల అన్నీ కలిపి ఒక మైకు తెప్పించాను. చూడ్డానికి స్టూడియోలో వేలాడేదానిలాగే ఉంది. ఫోనుకు తగిలించి పాడితే నా వెనక వాన పడుతున్నట్టు ఒకటే సొద. మే నెలలో, కడపలో, వాన! ల్యాప్‌టాప్‌కు పెడితే చార్జర్ తగిలించినప్పుడల్లా 'గూ' అని మూలుగు. తిప్పి పంపుదామని చూసేసరికి గడువు నిన్నటితో అయిపోయింది.

అప్పుడు సెలవులకు మా తమ్ముడి కొడుకు వచ్చాడు. ఇంజనీరింగ్ చదువుతున్నాడు, కాలేజీలో గిటారు వాయిస్తాడు. నా కొత్త మైకు వంక చూడనే లేదు. హాలు నడుమ నిలబడి గట్టిగా ఒక్క చప్పట కొట్టాడు.

"విన్నావా అత్తా?"

"ఏముందిరా వినడానికి?"

మళ్ళీ కొట్టాడు. ఈసారి చెవి పెట్టాను. చప్పట అయిపోయాక, స్టీలు గ్లాసు కిందపడి దొర్లినట్టు ఒక సన్నటి మోత ఇంకా గదిలో తిరుగుతోంది. కింద కడప బండలు. గోడల్లో అరలకూ కడప బండలే. మా నాన్న యర్రగుంట్ల నుంచి ఏరికోరి తెప్పించి అద్దంలా పాలిష్ పెట్టించిన నల్ల బండలు. వాటి మీద పడిన శబ్దం ఎటూ ఇంకిపోదు, బంతిలా లేస్తుంది.

"మీ ఇల్లే పాడుతాంది కదత్తా, ఇంక నువ్వెందుకు?" అన్నాడు.

హాలు వదిలేసి చిన్న గదిలోకి మారాం. అందులో పరుపు, బట్టల బీరువా ఉన్నాయి. బీరువా తలుపులు బార్లా తెరిచి చీరలు బయటికి కనపడేలా పెట్టాం. జేజి పాత చీరలతో కుట్టిన బొంతలు రెండుంటే ఒకటి కింద పరిచి, ఇంకొకటి నా వీపు వెనక తాడు మీద వేలాడదీశాం. నేనైతే మైకు వెనక కట్టేదాన్ని. కార్డియాయిడ్ మైకు ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా అందుకుంటుంది కాబట్టి, నా వెనక గోడకు తగిలి తిరిగొచ్చే మోత తిన్నగా దాని నోట్లో పడుతుందట. బొంత కట్టి మళ్ళీ చప్పట కొడితే 'టప్' అని అక్కడికక్కడే చచ్చింది. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా సగం పని అయిపోయింది. పన్నెండు వందలు గుర్తొచ్చి కడుపు మండింది.

మైకు విషయంలో మావాడు ఏమీ చెప్పకుండా రెండు తెచ్చి చేతికిచ్చాడు. స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చిన ఆడియో టెక్నికా ఏటీ2020, అది కండెన్సర్. పెళ్ళిళ్ళకు సౌండ్ పెట్టే ఆయన ఒక రోజుకని ఇచ్చిన షూర్ ఎస్ఎం58, అది డైనమిక్. రెండూ నేరుగా ల్యాప్‌టాప్‌కు తగిలేవి కావు, నడుమ ఇంటర్‌ఫేస్ అనే చిన్న పెట్టె కావాలి. మావాడి దగ్గర పాత ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో ఉంది. కండెన్సర్‌కు ఆ పెట్టెలోంచే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఇవ్వాలి, ఆ మీట నొక్కకపోతే కిక్కురుమనదు. డైనమిక్‌కు అది అక్కర్లేదు.

కండెన్సర్‌లో నా గొంతు మెరుగు పెట్టిన ఇత్తడి చెంబులా తళతళలాడింది. ఆ తళతళే నాకు పడలేదు. 'స'లూ 'శ'లూ ఈలల్లా వచ్చాయి. గుటక వేసినా, పెదవి విడదీసినా హెడ్‌ఫోన్స్‌లో వినపడుతోంది. అసలే బెదిరిపోయే మనిషిని, ప్రతి గుటకా వినపడితే ఇంకేం పాడతాను? ఎస్ఎం58లో గొంతు కాస్త ముతకగా ఉంది గానీ మనిషి గొంతులా ఉంది. పైగా ఆ గుండ్రటి జాలీ తల నాకు కొత్త కాదు. భజనల్లో, బడి వార్షికోత్సవాల్లో అలాంటిదే పట్టుకున్నాను. 1966 నుంచి ఆ మైకు వస్తోందట. దాన్నే ఎంచుకున్నాను.

కండెన్సర్ పక్కింటి శబ్దం కూడా లాగేస్తుంది, డైనమిక్ లాగదు అని అందరూ అంటారు. మావాడు అది సగమే నిజమంటాడు. అసలు తేడా దూరంలో ఉందట. మైకుకూ నోటికీ నడుమ దూరం సగానికి తగ్గిస్తే గొంతు దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది మోత మాత్రం ఉన్నంతే ఉంటుంది. ఎస్ఎం58ను ఎవరైనా నోటి దగ్గరే పెట్టుకుంటారు, కండెన్సర్‌ను మూరెడు దూరంలో పెట్టి పాడతారు, నింద మాత్రం కండెన్సర్ మీద వేస్తారు. మరీ దగ్గరికి పోతే ఇంకో చిక్కు, మంద్రం ఉబ్బిపోయి గొంతు కుండలోంచి వచ్చినట్టుంటుంది. నాకు బెత్తెడు దూరం కుదిరింది.

ఎస్ఎం58కు నకిలీలు చాలా ఉన్నాయి. ధర సగానికే వస్తోందంటే చెయ్యి వెనక్కి తీసుకోవడం మంచిది. నేను బిల్లు ఇచ్చే దుకాణంలోనే కొన్నాను.

మిగతావి చిన్న చిన్న సర్దుబాట్లు. ఈ మైకు సిగ్నల్ తక్కువ కాబట్టి దాన్ని పెంచే గెయిన్ మీట బాగా తిప్పాలి, సోలోలో ముప్పావు దాకా తిప్పాను. పాడుతుంటే మీట చుట్టూ ఆకుపచ్చ వలయం వెలుగుతుంది. అది ఎర్రబడిందంటే శబ్దం పగిలినట్టే, తర్వాత ఏం చేసినా అతకదు. పాటలో గట్టిగా ఎత్తుకునే చోట పాడి చూసుకుని, స్క్రీన్ మీద మీటరు సున్నాకు బాగా కింద, మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేలా పెట్టుకున్నాను. ఇక నలుగు పాట నిండా పసుపు, పన్నీరు, పెళ్ళి, అన్నీ 'ప'లే. అరచెయ్యి నోటి ముందు పెట్టుకుని 'పసుపు' అని చూడండి, చేతికి గాలి తగులుతుంది. మైకుకు అది గుద్దు. తల మీద స్పాంజి తొడిగి, మైకును నోటికి తిన్నగా కాకుండా బొటనవేలంత పక్కకు జరిపితే గాలి దాన్ని దాటుకుని పోతుంది.

ఇంత అయ్యాక మావాడు అనంతపురం వెళ్ళిపోయాడు. గదిలో నేనూ, మైకూ.

ఫ్యాను ఆపాలి. మే నెల, కడప. ఐదు నిమిషాలకే జాకెట్టు వీపుకు అంటుకుపోతుంది. పగలు వీధిలో బండ్లు, సాయంత్రం పక్కింటి బోరు మోటారు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి చూశాను. మసీదు నుంచి అజాన్, కాసేపటికి గుడి మైకులో సుప్రభాతం. రెండూ నాకు ఇష్టమే, మూడోది నేను ఎత్తుకుంటే బాగుండదు. చివరికి రాత్రి పదకొండు తర్వాత కుదిరింది, కుక్కలు దయ తలిచినప్పుడు.

భయం మాత్రం అలాగే ఉంది. తప్పు రాగానే ఆపేసి మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకునేదాన్ని. అలా ఒక్క రాత్రి పదకొండుసార్లు. పల్లవి పదకొండుసార్లు పాడాను, చివరి చరణం ఒక్కసారీ పాడలేదు. పైగా స్క్రీన్ మీద నా గొంతు గీతలు గీతలుగా పరిగెడుతుంటే, చిన్నప్పుడు పరీక్ష హాల్లో సారు పక్కన నిలబడి చూస్తున్నట్టుండేది. మావాడికి ఫోన్ చేశాను.

"ఆపొద్దత్తా. తప్పొస్తే రానీ, రికార్డింగ్ నడుస్తానే ఉండనీ. గంట నడిచినా ఏం పోతుంది? టేపు అరిగిపోతుందా?"

ఆ మాట బాగా పనికొచ్చింది. స్క్రీన్ మీద తువ్వాలు కప్పేశాను. ఫోనులో తంబూరా యాప్ ఐదున్నర శ్రుతికి పెట్టి, ఆ శబ్దం మైకులోకి పోకుండా ఒక చెవికి ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాను. ముందు హెడ్‌ఫోన్స్ రెండు చెవులకూ పెట్టుకుంటే నా గొంతు నాకే కొంచెం ఆలస్యంగా వినపడి మాట తడబడేది. ల్యాప్‌టాప్‌లోంచి తిరిగొచ్చే శబ్దానికి ఆ ఆలస్యం ఉంటుందట. సోలోలో డైరెక్ట్ మానిటర్ అని మీట ఉంది, అది నొక్కితే ఆలస్యం పోతుంది. నేను అదీ వద్దనుకున్నాను. రెండో చెవి ఖాళీగా ఉంటే చాలు, ఇంట్లో పాడుకుంటున్నట్టే ఉంది.

శ్రుతి నిలబడింది, నడక కుదుటపడింది. అయినా ఏదో కొరత. పాట సరిగ్గా ఉంది, పాఠం అప్పజెప్పినట్టుంది.

ఒక సాయంత్రం విడి మల్లెలు కొన్నాను. రాత్రయింది, తెల్లారేసరికి విచ్చుకుపోతాయని బాధ. రికార్డింగ్ నొక్కి, తువ్వాలు కప్పి, మైకు స్టాండు కిందికి దించి, బొంత మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. ఒళ్ళో పూలు పోసుకుని అరటినారతో కట్టడం మొదలుపెట్టాను. రెండు పూలు ఇటు, రెండు అటు, ఒక ముడి. పాట ఎప్పుడు ఎత్తుకున్నానో తెలియదు. ముడి బిగించినప్పుడల్లా ఊపిరి దానంతటదే వదులుతోంది, దాని వెంటే పాదం వస్తోంది. మూడు చరణాలూ అయిపోయాయి. మళ్ళీ పాడాను, ఇంకా పూలున్నాయి గనక.

అప్పుడు తట్టింది, ఈ పాటను నేను ఎప్పుడూ ఖాళీ చేతులతో పాడలేదు. జేజీ పాడలేదు. ఆమె చేతులెప్పుడూ సున్నిపిండిలో ఉండేవి, లేదంటే ఎవరి తలకో నూనె రాస్తుండేవి. నేనేమో మైకు ముందు నిటారుగా నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, గొంతును మాత్రం కదలమన్నాను.

ఆ రాత్రి నలభై నిమిషాల రికార్డింగులో నాలుగుసార్లు పాడాను. మూడోది ఉంచుకున్నాను. రెండో చరణంలో ఎవరిదో బైకు వినపడితే ఆ చరణం ఒక్కటి నాలుగోదాంట్లోంచి తెచ్చి అతికించాను. అలా అతికించే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది, నా పనికి అది చాలింది. అందులో సొద తగ్గించే సదుపాయాన్ని మొదట అత్యాశకు పోయి గట్టిగా వాడితే గొంతు నీళ్ళలోంచి వస్తున్నట్టయింది. తర్వాత కొద్దిగా వాడి వదిలేశాను. ఊపిరి తీసుకున్న చప్పుళ్ళు తీసేయమన్నారు కొందరు. తీయలేదు.

ప్రొద్దుటూరులో నలుగు రోజు. అక్క కొడుకు పాటను పెద్ద స్పీకరుకు తగిలించాడు. పల్లవి అయ్యేలోపే ఆడవాళ్ళందరూ గొంతు కలిపారు, కలిపినవాళ్ళకు పాట రాదు, అయినా కలిపారు. నా మైకూ, నా బెత్తెడు దూరమూ, నా మైనస్ పన్నెండూ ఎవరికీ వినపడలేదు. పెళ్ళికూతురు మాత్రం పసుపు మొహంతో నా వైపు తిరిగి, "చిన్నమ్మా, నువ్వేనా?" అని కళ్ళతో అడిగింది.

పాట అయ్యాక జమ్మలమడుగు నుంచి వచ్చిన చిన్నజేజి నా చెయ్యి పట్టి లాగింది. జేజికి చెల్లెలు, ఎనభై దాటాయి.

"బాగా పాడినావు గానీ, రెండో చరణంలో పసుపు కాదే, పన్నీరు. మీ జేజికి ఎప్పుడూ అది తప్పే. నేను చెప్పినా వినేది కాదు."

"అయితే నువ్వు పాడు చిన్నజేజీ, సరైంది రికార్డు చేసుకుంటా," అని ఫోను తీశాను. ఎర్ర చుక్క చూసి ఆమె నోరు మూసేసుకుంది.

"అది ఆర్పు ముందు," అనింది.

ఫోను బోర్లా పెట్టి, పక్కనున్న పూలబుట్ట ఆమె ఒళ్ళోకి జరిపాను.