చంద్రగిరి దారిలో ఒలికిన పప్పుచారు

ఒడిశాలోని బరంపురంలో మా తెలుగిళ్లలో ఒక పూట ఎక్కడికైనా వెళ్లొద్దామన్నారంటే ఆ ముందు రాత్రి వంటింట్లో లైటు ఆరదు. 16 కిలోమీటర్ల దూరంలో ఉన్న గోపాల్‌పూర్ సముద్రానికైనా, తారాతారిణి కొండకైనా ఇదే వరస. మగవాళ్లకీ పిల్లలకీ అది షికారు. ఆడవాళ్లకి మాత్రం వంటిల్లు నెత్తిన పెట్టుకుని ఊరు దాటడం. దారిలో తినడానికి ఏమీ దొరకని రోజుల్లో పెట్టుకున్న అలవాటు ఇది. ఇప్పుడు అడుగడుక్కీ హోటలు ఉన్నా ఎవరూ మార్చరు. దీని మీద నాకు చాలాకాలంగా కోపం ఉంది. సంక్రాంతికి చంద్రగిరి వెళ్లొచ్చాక ఇక రాయకుండా ఉండలేకపోతున్నాను.

పండక్కి మా వదిన పిల్లల్ని తీసుకుని పాతపట్నం నుంచి వచ్చింది. నా పుట్టిల్లు పర్లాకిమిడి, ఆవిడ అత్తారిల్లు పాతపట్నం. మధ్యలో రాష్ట్ర సరిహద్దు ఉందన్న మాటే గానీ ఆటోలో వెళ్లొచ్చేంత దూరం, అందుకే మా ఇద్దరికీ మాటలు తొందరగా కలుస్తాయి. పిల్లలంతా చంద్రగిరి బౌద్ధ మఠం చూడాలని పట్టుబట్టారు. కనుమ నాడు కాకైనా కదలదంటారు కదా, ముక్కనుమ కూడా వెళ్లనిచ్చి ఆ మర్నాడు బయల్దేరాం. ఆ రోజు శనివారం. అత్తయ్య శనివారం నీచు ముట్టదు, బయట నీళ్లు తాగడానికి కూడా ఆలోచిస్తుంది. కాబట్టి వంట తప్పదన్నారు.

తెల్లవారుజామున మూడింటికి లేచాను. పులిహోర, చిక్కుడుకాయ వేపుడు, పెరుగన్నం, అడుగు గిన్నెలో పప్పుచారు. పప్పుచారు వద్దు, బస్సులో కుదుపులకి ఉండదు అన్నాను. అది లేకపోతే పిల్లలకి ముద్ద దిగదు అన్నారు మా ఆయన. ముద్ద దిగనిది పిల్లలకో ఈయనకో ఇంట్లో అందరికీ తెలుసు. వదిన లేచి వచ్చి ఉల్లిపాయలు తరుగుతుంటే, పండక్కి పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల కూడా ఈ చలిలో పొయ్యి దగ్గరే నిలబడిందే అని మనసు చివుక్కుమంది.

మోహనా వైపు వెళ్లే ప్రైవేటు బస్సు ఎక్కాం. దిగపహండి దాకా సీట్లు ఉన్నాయి. అక్కడ మాత్రం పండక్కి వచ్చి తిరిగి వెళ్లే జనం ఒక్కసారిగా ఎక్కేశారు. క్యారేజీ అత్తయ్య ఒళ్లో ఉంది. ఇద్దరి సీటులో మూడో మనిషిని కూర్చోబెట్టాలని కండక్టరు ఆ సంచీ లాక్కుని పై రాక్ మీద పెట్టాడు. అది కూడా పడుకోబెట్టి. "నిలబెట్టి పెట్టు బాబూ, అందులో చారు ఉంది" అని ఒరియాలో చెప్పాను, మా ఆయనా చెప్పారు. కిఛి హెబనీ, ఏమీ కాదు అంటూ దాని మీద ఎవరిదో బంగాళాదుంపల గోతం కూడా సర్దేసి టికెట్లు కొట్టుకోవడానికి ముందుకి వెళ్లిపోయాడు.

తప్తపాణి ఘాట్ మొదలైంది. సాల చెట్ల అడవి, ఒకదాని వెనక ఒకటి మలుపులు. ఏదో మలుపులో డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. గోతం ఒక పక్కకి, మా సంచీ ఇంకో పక్కకి దొర్లాయి. క్యారేజీ క్లిప్పు ఊడిపోయిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. ముందు పెరుగన్నం గిన్నె నడవలో పడి చక్రంలా తిరుక్కుంటూ డ్రైవరు సీటు దాకా పోయింది. ఆ వెంటనే పప్పుచారు. రాక్ ఊచల సందుల్లోంచి పసుపుపచ్చగా, కరివేపాకు రెబ్బలతో సహా, కింద కూర్చున్న పెద్దాయన తెల్ల చొక్కా భుజం మీదికి కారింది.

బస్సంతా ఒక్క క్షణం నోరు మెదపలేదు. నాకైతే కాళ్లు చల్లబడ్డాయి. ఎవరో స్కూలు మాస్టారులా ఉన్నారాయన, చొక్కా ఇస్త్రీ మడత కూడా నలగలేదు. ఇప్పుడు ఎన్ని మాటలు పడాలో అనుకున్నాను. ఆయన లేచి, భుజం మీద పడ్డ ఉల్లిపాయ ముక్క తీసి కిటికీలోంచి విసిరేసి, సరాసరి కండక్టరు వైపు తిరిగారు. ఆ అమ్మాయి నిలబెట్టి పెట్టమని చెబుతూనే ఉంది కదా, నువ్వు విన్నావా అని నిలదీశారు. మేం ఎంత క్షమాపణ అడిగినా, మీ తప్పేముంది అంటూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. వెనక సీటులో ఒక సవర ఆవిడ విస్తరాకుల కట్టలు పెట్టుకుని కూర్చుంది. అమ్ముకోవడానికి తీసుకెళ్తున్న ఆ కట్టలోంచే గుప్పెడు ఆకులు లాగి నా చేతిలో పెట్టింది. వాటితోనే సీటు, రాక్, నేల తుడిచాను. డబ్బులివ్వబోతే చెయ్యి ఊపి మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది.

తప్తపాణిలో బస్సు టీకి ఆగినప్పుడు మాస్టారు కుళాయి దగ్గర చొక్కా కడుక్కుని, తడి భుజంతోనే వచ్చి కూర్చున్నారు. అక్కడి వేడినీళ్ల గుండం గురించి అందరికీ తెలిసిందే. గంధకం వాసన, పక్కనే కంధుణి దేవి గుడి. మేం దిగనే లేదు.

అన్నం మొత్తం పోయింది. పులిహోర గిన్నె మూత ఊడి దుమ్ములో పడింది. మిగిలింది నా హ్యాండ్‌బ్యాగులో ఉన్న ఉసిరికాయ పచ్చడి సీసా, పండగ అరిసెల పొట్లం. అత్తయ్య కళ్లనీళ్లు పెట్టుకుంది. నిజం చెబుతున్నాను, నాకు మాత్రం ఏదో బరువు దిగినట్టయింది. కిటికీ పక్క సీటు దొరికింది, ఒడి ఖాళీగా ఉంది, చూపంతా బయట కొండల మీదే.

అప్పుడే మా అమ్మ గుర్తొచ్చింది. మా పర్లాకిమిడికి చిన్న రైలు ఉండేది. 1900లో మా రాజావారు నౌపడా నుంచి వేయించిన నేరో గేజ్ లైను. 1931లో గుణుపురం దాకా పొడిగించారు. 2004లో ఆపేసి, పెద్ద లైను చేసి 2011లో మళ్లీ నడిపారు. ఆ చిన్న బండిలో గుణుపురం మేనమామ ఇంటికి వెళ్లేటప్పుడు మేం పిల్లలం కిటికీల దగ్గర కొట్టుకునేవాళ్లం. అమ్మ మాత్రం రెండు మోకాళ్ల మధ్య ఇత్తడి క్యారేజీ బిగించి పట్టుకుని కూర్చునేది. "కొండలు చూడవే అమ్మా" అంటే "చూస్తాన్లేరా" అనేది. చెయ్యి మూత మీంచి తీసేది కాదు. ఆ దారిలో అంత అందమైన కొండలున్నాయి, అమ్మ ఒక్కసారైనా కళ్లారా చూసిందో లేదో! అడుగుదామంటే ఇప్పుడు అమ్మ లేదు.

బస్సు దిగాక ఆటో. మఠానికి తీసుకెళ్లి తిరిగి దింపడానికి 500 అన్నాడు, 400కి ఒప్పుకున్నాడు. బరంపురం నుంచి ఇక్కడికి సుమారు 80 కిలోమీటర్లు. అంత దూరం బస్సుకి ఇచ్చినదాని కన్నా ఈ నాలుగు అడుగులకి ఇచ్చింది ఎక్కువనిపించింది.

ఆ మఠం పేరు పద్మసంభవ మహావిహారం, చంద్రగిరి దగ్గర జిరంగ్‌లో ఉంది. 2010 జనవరిలో దలైలామా వచ్చి ప్రారంభించారు. అంతస్తుల మీద అంతస్తులు, బంగారు రంగు కప్పులు, లోపల తలెత్తి చూడాల్సిన పెద్ద బుద్ధుడు. అత్తయ్య చెప్పులు విడిచి, మన గుళ్లో తిరిగినట్టే ప్రదక్షిణ చేసింది. ఎర్ర బట్టల చిన్న పిల్లలు పుస్తకాలు పట్టుకుని పరుగెడుతుంటే మా పిల్లలు వాళ్లనే చూస్తూ నిలబడ్డారు. బయట మాత్రం భోజీకి వచ్చిన గుంపులు. మన వాళ్లు కార్తీకంలో వనభోజనాలకి వెళ్తే ఇక్కడివాళ్లు ఈ చలి రోజుల్లో వస్తారు, లారీల్లో గ్యాస్ పొయ్యి, డేగిసాలు, సౌండు బాక్సులు వేసుకుని మరీ. మఠం ప్రశాంతంగా ఉండే చోటు. దాని పక్కనే అంత మోత, తిని పారేసిన థర్మాకోల్ ప్లేట్లు చూస్తే కడుపు మండింది.

ఆకలికి పిల్లలు ఏడుపు మొదలెట్టారు. పెద్ద హోటల్లో కూర్చోవడానికి చోటు లేదు. బిస్కెట్లు కొంటానన్నారు మా ఆయన. వదినకి కోపం వచ్చింది. "పండగ పూట పిల్లలకి బిస్కెట్లేటిరా, నడు" అని తమ్ముణ్ణి కసిరి, టిబెటన్ శరణార్థుల క్యాంపు ఇళ్ల వైపు దారి తీసింది.

ఒక ఇంటి ముందు రెండు బల్లలు, ఆవిరి కక్కుతున్న పెద్ద పాత్ర. టిబెటన్ ముసలమ్మ ఒక్కతే ఉంది. చారల ఏప్రాన్, మెడలో జపమాల. ఒరియా మాకన్నా చక్కగా మాట్లాడుతోంది. అత్తయ్య గుమ్మంలోనే ఆగి, శనివారం సంగతి, మాంసం వండిన గిన్నె సంగతి మొహమాటపడుతూనే అడిగింది. ముసలమ్మ ఏమీ నొచ్చుకోలేదు. లోపల్నుంచి వేరే గిన్నె తెచ్చి, అత్తయ్య చూస్తుండగా ఇసకతో తోమి, మూడుసార్లు కడిగి పొయ్యి మీద పెట్టింది. ఆ తర్వాత అత్తయ్య మారు మాట్లాడలేదు.

పిల్లలకి కూరగాయలు వేసిన థుక్పా, అంటే నూడుల్స్ సూపు, పెట్టింది. మాకు టింగ్మో. మైదా పిండిని పొరలు పొరలుగా చుట్టి ఆవిరి మీద ఉడికించిన తెల్లటి ముద్ద, దానితో ఆలూ కూర. వేళ్లతో లాగితే పొర పొరగా విడిపోతుంది. రుచి చప్పగా ఉంటుంది, కూరలో ముంచితే గానీ తెలియదు. అత్తయ్య ఒక పొర తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, సీసా మూత తీసి ఉసిరికాయ పచ్చడి ఇంత రాసుకుని నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుని నమిలింది. ఇంకో పొరకి పచ్చడి రాసి ముసలమ్మ చేతికిచ్చింది. ఆవిడ తిని, ఘాటుకి కళ్లు తుడుచుకుని, ఇంకొంచెం అంటూ చెయ్యి చాపింది.

నా పళ్లెం కూడా నా ముందుకి వచ్చింది. పొగలు వస్తున్నాయి. షికారుకి వెళ్లిన చోట నేను చివర్లో అడుగున మిగిలింది తినడమే అలవాటు. అందరితో పాటు కూర్చుని, ఎవరో వడ్డించగా, వేడివేడిగా తింటుంటే గొంతులో ఏదో అడ్డుపడింది. వదిన గమనించి నా మోకాలు తట్టింది.

1963లో ఇక్కడ స్థలాలు ఇచ్చినప్పుడు ముసలమ్మ చిన్నపిల్లట. అప్పుడు అంతా అడవే, మంచు దేశం నుంచి వచ్చినవాళ్లు ఈ ఎండకి తట్టుకోలేక జబ్బులు పడ్డారట. అందరూ కలిసి అడవి బాగుచేసి మొక్కజొన్న వేశారు. కొడుకూ కోడలూ ఏరి అని అత్తయ్య అడిగితే, స్వెట్టర్లు అమ్మడానికి విశాఖపట్నం వెళ్లారంది. చలికాలం వస్తే క్యాంపుల్లో వయసులో ఉన్నవాళ్లు చాలామంది అలా ఊళ్లు పట్టుకు పోతారు. వాళ్ల కొత్త సంవత్సరం లోసార్ నాటికి తిరిగొస్తారు. అప్పుడు ఖప్సే అని నూనెలో పిండివంట చేస్తాం, ఇలాంటివే అంటూ మా అరిసెలు తీసుకుంది.

అత్తయ్య కాసేపు మాట్లాడలేదు. బరంపురంలో ఫుట్‌పాత్ మీద వాళ్ల దగ్గర మేం కొనని చలికాలం లేదు. 800 చెబితే 300కి అడిగి, ఇవ్వకపోతే వెళ్లిపోతున్నట్టు నటించి మరీ కొంటాం. "నీ కోడలు పిల్లల్ని కూడా తీసుకెళ్లిందా" అని అడిగింది చివరికి. చిన్నదాన్ని తీసుకెళ్లింది, పెద్దాడు మఠంలో చదువుతున్నాడు అంది. ఇద్దరూ మోకాళ్ల నొప్పుల గురించి, ఏ నూనె పనిచేస్తుందన్న దాని గురించి చాలాసేపు చెప్పుకున్నారు. లెక్క మనిషికి 60 రూపాయలు. ముసలమ్మ చిల్లరతో సహా సరిగ్గా ఇచ్చింది. పచ్చడి సీసా అత్తయ్య అక్కడే వదిలేసింది.

తిరుగు దారిలో ఆటో అబ్బాయి వెయిటింగ్ అంటూ ఇంకో 150 లాగాడు. చివరి బస్సు పోతుందేమోనన్న టెన్షన్‌లో వాదించే ఓపిక లేదు. ఎవరైనా వెళ్తే ఆగే సమయం కూడా కలిపి ముందే మాట్లాడుకోండి. బస్సులో దిగపహండి దాకా నిలబడే వచ్చాం. వానలు తగ్గేటప్పటికి మొక్కజొన్న పొత్తులు చేతికొస్తాయని ముసలమ్మ చెప్పింది. ఆ రోజుల్లో మళ్లీ వెళ్దామని నేనూ వదినా ఆ నిలబడ్డ చోటే అనుకున్నాం. ఆ రోజుకి వంట ఎవరు చేయాలి అని మా ఆయన అడిగితే, అత్తయ్యే ముందుగా "ఎవరూ చెయ్యక్కర్లేదు" అంది.