చెరువు పుస్తకం సాక్ష్యమైన తీరు: పేటెంట్ చట్టంలో నా అనుభవం

కావలిలో రసాయనశాస్త్రం ప్రధానాంశంగా బి.ఎస్సీ. పూర్తిచేసి, నెల్లూరులో ఎల్.ఎల్.బి. చదివే రోజుల్లో ఈ రెండు చదువులూ ఒకచోట కలుస్తాయని నాకు చెప్పినవారు లేరు. మేధోసంపత్తి హక్కుల పేపరులో పేటెంట్లకు దక్కింది ఒకే యూనిట్. 1970 నాటి పేటెంట్ల చట్టం, దానికి పునాది వేసిన జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959 నివేదిక, మందుకు కాక మందు తయారుచేసే పద్ధతికి మాత్రమే పేటెంట్ ఇవ్వాలన్న నాటి నిర్ణయం, ఇంతవరకు చదివి పరీక్ష రాశాం. 2005 జనవరి 1 నుంచి మందులకు ఉత్పత్తి పేటెంట్లు ఇవ్వడం మొదలైనప్పుడు నేను ఎల్.ఎల్.ఎం., నెట్ పూర్తిచేసుకుని అధ్యాపక వృత్తిలోకి కొత్తగా వచ్చి ఉన్నాను. చట్టానికి అప్పుడు చేసిన సవరణతోనే ఇప్పటి రూపంలో వచ్చిన, తెలిసిన పదార్థానికి కొత్త రూపం ఇచ్చినా సామర్థ్యం పెరగకపోతే పేటెంట్ రాదనే సెక్షన్ 3(డి)ని పాఠంగా చెప్పవలసి వచ్చినప్పుడు, తెలిసిన పదార్థానికి కొత్త రూపం అంటే ఏమిటో, లవణం, స్ఫటికం వంటి మాటలు చట్టంలో ఎందుకున్నాయో విద్యార్థులకు వివరించడానికి నా పాత రసాయనశాస్త్రం నోటుపుస్తకాలు అటక మీది నుంచి దించుకున్నాను.

వేటికి పేటెంట్ ఇవ్వకూడదో చెప్పే ఈ సెక్షన్ 3నే పిహెచ్.డి.కి అంశంగా ఎంచుకుంటే పరిశోధక మండలిలో ఒక పెద్దాయన, నెల్లూరులో కూర్చుని పేటెంట్ల మీద ఏం పరిశోధిస్తారు, భూసేకరణ మీదో కౌలు మీదో రాయండని సలహా ఇచ్చారు. ఆ ఏడాది నా అంశం ఆమోదం పొందలేదు. మరుసటి ఏడాది అదే అంశాన్ని, అదే శీర్షికతో, ఇంకొంచెం పెద్ద గ్రంథసూచితో మళ్లీ సమర్పించాను. ఈసారి ఒప్పుకున్నారు.

ఆ ఖాళీ సంవత్సరంలోనే, ఇతరుల తరఫున పేటెంట్ కార్యాలయంలో దరఖాస్తులు నడిపే పేటెంట్ ఏజెంట్ కావడానికి పెట్టే పరీక్షకు చదివాను. ఈ పరీక్షకు కూర్చోవాలంటే న్యాయశాస్త్ర పట్టా ఒక్కటే చాలదు, సైన్సులోనో ఇంజనీరింగులోనో సాంకేతిక విద్యలోనో డిగ్రీ ఉండాలని చట్టంలోని సెక్షన్ 126 చెబుతుంది. ఎల్.ఎల్.ఎం. చదివిన నా తోటి అధ్యాపకులు కొందరికి ఆ అర్హత లేకపోగా, నా బి.ఎస్సీ. నన్ను లోపలికి రానిచ్చింది. రెండో పేపరులో ఒక ఆవిష్కరణను వర్ణించి, దానికి క్లెయిమ్‌లు రాయమంటారు. క్లెయిమ్ ఎంత పొడవున్నా ఒకే వాక్యంగా ఉండాలి, హక్కు ఎంతవరకు ఉంటుందో ఆ వాక్యమే తేల్చాలి. ఆ వాక్యంలో ‘కంప్రైజింగ్’ అని రాస్తే చెప్పిన పదార్థాలతోపాటు మరేవి కలిపినా అది హక్కు పరిధిలోకే వస్తుందని, ‘కన్సిస్టింగ్ ఆఫ్’ అని రాస్తే చెప్పినవాటితోనే పరిధి ముగుస్తుందని నాకు తెలిసింది అప్పుడే. తీర్పులు చదవడానికి అలవాటుపడిన నాకు, పేటెంట్‌ను చివరి పేజీల్లోని క్లెయిమ్‌ల నుంచి మొదలుపెట్టి చదవాలన్న సంగతి ఈ పరీక్ష నేర్పింది. ఈ రోజుకీ నా విద్యార్థులకు మొదటి తరగతిలో చట్టం ఇవ్వను, ఒక పేటెంట్ ప్రతి ఇస్తాను.

2012 మార్చి 9న హైదరాబాదుకు చెందిన నాట్కో సంస్థకు దేశంలో మొదటి కంపల్సరీ లైసెన్సు, అంటే పేటెంట్ యజమాని ఒప్పుకోకపోయినా ఆ మందు తయారుచేసుకునే అనుమతి, వచ్చింది. నెలకు 2,80,428 రూపాయలకు బేయర్ సంస్థ అమ్ముతున్న క్యాన్సర్ మందును నాట్కో 8,880 రూపాయలకు మించకుండా అమ్మాలన్నది ఆ లైసెన్సు షరతు. సంవత్సరం తరువాత, 2013 ఏప్రిల్ 1న, తన క్యాన్సర్ మందుకు పేటెంట్ కోరిన నోవార్టిస్ సంస్థ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వెలువడింది. సెక్షన్ 3(డి)లోని ‘ఎఫికసీ’ అన్న మాటకు, మందుల విషయంలో, చికిత్సాపరమైన సామర్థ్యం అనే అర్థమని కోర్టు నిర్ధారించేనాటికి నా సిద్ధాంత గ్రంథం దాదాపు టైపు పూర్తయి ఉంది. అందులో రెండు అధ్యాయాలు ఆ మాటకు ఏ అర్థం చెప్పాలన్న చర్చతోనే నిండి ఉన్నాయి. రెండింటినీ తీసేసి మళ్లీ రాశాను, సమర్పణ ఏడాది వెనక్కి పోయింది. అయితే ఆ తీర్పులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన విషయం వేరు. కక్షిదారు కాని ఒక న్యాయశాస్త్ర ఆచార్యుడు, షంనాద్ బషీర్, కేవలం విద్యావేత్తగా ఆ కేసులో జోక్యం చేసుకుని కోర్టు ముందు తన వాదన ఉంచారు. పూర్తికాలపు జీతం మీద పనిచేసే అధ్యాపకుడు న్యాయవాదిగా ప్రాక్టీసు చేయడానికి బార్ కౌన్సిల్ నిబంధనలు అనుమతించవు. ఉద్యోగంలో చేరేటప్పుడే నేనూ ప్రాక్టీసు మానుకున్నాను. అలాంటి వ్యక్తికి వివాదంలో స్థానం ఎక్కడుంటుందన్న నా ప్రశ్నకు బషీర్ గారి ఉదాహరణే సమాధానం.

ఆ స్థానం నాకు రొయ్యల చెరువు దగ్గర దొరికింది. పేటెంట్ కార్యాలయపు జర్నల్ ప్రతి శుక్రవారం వెలువడుతుంది. ఆ రాత్రి దాన్ని తిరగేయడం నాకు పరిశోధన కాలం నుంచి అలవాటు. ఒక శుక్రవారం అందులో రొయ్యల చెరువు నీటిని శుద్ధిచేసే విధానం మీద ఒక దరఖాస్తు కనిపించింది. మొదటి క్లెయిమ్ చదివి ఆగిపోయాను. తవుడు, బెల్లం, ఈస్ట్ నీళ్లలో కలిపి ఒకటి రెండు రోజులు పులియబెట్టి చెరువులో చల్లడం, అంతే. వాక్యంలో ‘కంప్రైజింగ్’ అని ఉంది. ఇందుకూరుపేట వైపు చెరువులు చేసే నా పూర్వ విద్యార్థి తండ్రికి మరునాడు ఆ వాక్యాన్ని తెలుగులో చదివి వినిపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “ఇది మేమందరం ఎప్పటినుంచో పోస్తా ఉండేదే గదా సార్, దీని మీద హక్కు ఇంకొకళ్లకి ఎట్టా ఇస్తారు?” అని అడిగారు.

పేటెంట్ మంజూరు కాకముందు అభ్యంతరం చెప్పే అవకాశాన్ని సెక్షన్ 25(1) ఏ వ్యక్తికైనా ఇస్తుంది. ఆ అభ్యంతరం దాఖలు చేసే ఫారం 7ఏకు అప్పట్లో రుసుము కూడా లేదు. ఆ రైతు పేరు మీదే దాఖలు చేయాలని, విచారణలో చెన్నైలోని ఒక పేటెంట్ ఏజెంటు వాదించాలని, పత్రాల తయారీ నేను చూడాలని అనుకున్నాం. మా కళాశాల నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాను. కష్టమంతా సాక్ష్యం దగ్గరే ఎదురైంది. దరఖాస్తుదారు ప్రాధాన్య తేదీకి, అంటే ఆవిష్కరణ కొత్తదా కాదా అని లెక్కించే తేదీకి, ముందే ఈ పద్ధతి దేశంలో బహిరంగంగా వాడుకలో ఉందని నిరూపించాలి. మాటలు చాలవు, తేదీ ఉన్న కాగితం కావాలి.

రైతు తన చెరువు పుస్తకాలు తెచ్చి మంచం మీద పెట్టారు. అట్టలకు నీటి మరకలు, లోపల మేత లెక్కలు, నీటికి గాలి అందించే ఏరేటర్ల డీజిలు ఖర్చు, అక్కడక్కడ ‘తవుడు, బెల్లం, ఈస్ట్’ అని పరిమాణాలతో సహా నమోదు. కాని ఒక్క పేజీలోనూ తేదీ లేదు. రొయ్యల రైతులు పంటను చెరువులో రొయ్య పిల్ల వదిలిన రోజు నుంచి లెక్కిస్తారు కాబట్టి, అన్నిచోట్లా ‘32వ రోజు’, ‘45వ రోజు’ అనే ఉంది. రెండు సాయంత్రాలు ఆ పుస్తకాలతో కూర్చున్నాక, పిల్ల కొన్న హ్యాచరీ బిల్లు ఉందా అని అడగాలని తోచింది. ఉంది. బీరువాలో, బ్యాంకు రుణం కాగితాల మధ్య. ఆ బిల్లు మీది తేదీని ఒకటో రోజుగా తీసుకుని ముందుకు లెక్కిస్తే, 45వ రోజు దరఖాస్తు ప్రాధాన్య తేదీకంటే రెండేళ్ల ముందు పడింది. బిల్లునూ పుస్తకాన్నీ కలిపి ప్రమాణపత్రంలో వివరించాం. ఇది తన చెరువులో రహస్యంగా చేసిన పని కాదని, చుట్టుపక్కల వారికి తెలిసిన వాడుకేనని చెప్పడానికి మరో నలుగురు రైతుల ప్రమాణపత్రాలు జతచేశాం.

విచారణ రోజున తెల్లవారుజామునే నెల్లూరులో రైలెక్కి, చెన్నై సెంట్రల్‌లో దిగి, పార్క్ స్టేషన్‌లో లోకల్ పట్టుకుని పేటెంట్ కార్యాలయం ఉన్న గిండీ చేరాం. రైతు కూడా వచ్చారు, పుస్తకాల అసలు ప్రతులు ప్లాస్టిక్ సంచిలో ఆయన ఒళ్లోనే ఉన్నాయి. జంతువులను రోగం లేకుండా చేసే, లేదా వాటి ఆర్థిక విలువ పెంచే చికిత్సకు పేటెంట్ ఇవ్వరాదన్న సెక్షన్ 3(ఐ) మీద నాకు ఎక్కువ నమ్మకం ఉండేది, నా సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయమే దాని మీద ఉంది. కాని ఈ విధానం నీటికి చేసే శుద్ధి, రొయ్యకు చేసే చికిత్స కాదని దరఖాస్తుదారు పక్షం వాదించింది. విచారణ జరిపే పేటెంట్ కార్యాలయపు అధికారి, కంట్రోలర్, ఆ వాదన వైపే మొగ్గారు. ఆ వాదన బలమైనదేనని ఇప్పుడు నేను అంగీకరిస్తాను, పాఠంలోనూ అలాగే చెబుతున్నాను. చెరువు పుస్తకాల దగ్గరకు వచ్చేసరికి కంట్రోలర్ బిల్లు అడిగి, కాగితం మీద తానే రోజులు లెక్కపెట్టుకున్నారు. గదిలో ఆ కొద్ది నిమిషాలూ అందరం మౌనంగా ఉన్నాం.

ఎనిమిది నెలలకు ఉత్తర్వు వచ్చింది. మొదటి క్లెయిమ్ ముందే వాడుకలో ఉన్నదని తిరస్కరించారు. ఒక నిర్దిష్టమైన బ్యాక్టీరియా జాతిని నిర్దిష్ట పరిమాణంలో కలిపే తరువాతి క్లెయిమ్ మిగిలింది, దానికి పేటెంట్ మంజూరైంది. దాన్నీ ఆపగలిగితే బాగుండునని రైతులు కొందరు అన్నారు. నా దృష్టిలో ఆ హక్కు దరఖాస్తుదారుకు న్యాయంగా దక్కవలసిందే, ఎందుకంటే ఆ బ్యాక్టీరియా మన పుస్తకాల్లో ఎక్కడా లేదు. ఆ ఆదివారం చెరువు గట్టు మీద మా రైతుకు ఉత్తర్వును పేరా పేరాకీ తెలుగులో చెప్పాను. ఆయన చివరిదాకా విని, పాక పక్కన బోర్లించి ఉన్న నీలం డ్రమ్ము వైపు చూసి అడిగారు: “అయితే ఈ రాత్రికి తవుడు నానబెట్టుకోవచ్చు గదా సార్?”

నానబెట్టుకోండి అన్నాను.