పోలీసు ఎంపిక జాబితాలో ఓపెన్ పోస్టు ఎవరిది?

పోలీసు నియామకాల తుది జాబితా వెలువడిందంటే, దాని వెనుకే హైకోర్టులో రిట్ పిటిషన్లు పడటం మామూలైపోయింది. నేను గమనించినంతవరకు ఈ వ్యాజ్యాలలో రిజర్వేషన్ ఉండాలా వద్దా అన్న పాత వాదన అరుదుగానే వినిపిస్తుంది. ఒకే అభ్యర్థి, ఉదాహరణకు ఒక బీసీ మహిళ, రెండు కోటాల పరిధిలోకి వచ్చినప్పుడు ఆమెను ముందుగా ఏ జాబితాలో చూడాలన్న దగ్గరే తగవు మొదలవుతుంది.

ఎస్సీ, ఎస్టీ, బీసీ కోటాలు వర్టికల్ (నిలువు) అని, వాటన్నింటినీ అడ్డంగా కోసుకుంటూ పోయేవి హారిజాంటల్ (అడ్డం) అని 1992లో ఇంద్రా సహానీ కేసులో సుప్రీంకోర్టు విడమరిచి చెప్పింది. మహిళా కోటా ఈ రెండో రకానికి చెందినది. 2007లో రాజేష్ కుమార్ దరియా కేసులో అదే కోర్టు లెక్క కూడా వేసి చూపింది: 200 పోస్టులలో 15 శాతం చొప్పున ఎస్సీలకు 30 వస్తే, 30 శాతం మహిళా కోటా ప్రకారం అందులో 9 మహిళలకు దక్కాలి. మెరిట్ ప్రకారం తొలి 30 మంది ఎస్సీ అభ్యర్థులలో తొమ్మిదిమంది మహిళలు ఉంటే కోటా నిండినట్టే. ఐదుగురే ఉంటే, తరువాతి వరుసలోని మరో నలుగురు మహిళలను తీసుకుని, జాబితా అడుగున ఉన్న నలుగురు పురుషులను తప్పించాలి.

ఇంత స్పష్టత ఉన్నా ఉత్తరప్రదేశ్‌లో 2013లో చేపట్టిన 41,610 కానిస్టేబుల్ పోస్టుల భర్తీ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. జనరల్, అంటే ఏ సామాజిక వర్గానికీ కేటాయించని ఓపెన్ పోస్టుల మహిళల జాబితాలో చివరి అభ్యర్థికి 274.8928 మార్కులు రాగా, 276.5949 మార్కులు తెచ్చుకున్న ఓబీసీ మహిళకు ఉద్యోగం రాలేదు. ఆమెను ఓబీసీ మహిళల జాబితాలోనే చూడాలి తప్ప ఓపెన్‌లోని మహిళా పోస్టుకు పరిగణించరాదన్నది ప్రభుత్వ వాదన. అంటే ఓపెన్ కేటగిరీ అగ్రవర్ణాల కోటాగా మారిపోయిందన్నమాట! 2020 డిసెంబరు 18న సౌరవ్ యాదవ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ వాదనను తోసిపుచ్చి, ఓపెన్ పోస్టులు కులంతో నిమిత్తం లేకుండా అందరివీ అని స్పష్టం చేసి, 274.8928 కంటే ఎక్కువ మార్కులున్న ఓబీసీ మహిళలకు ఉద్యోగాలివ్వాలని ఆదేశించింది. తీర్పు సరైనదే కానీ, నోటిఫికేషన్‌కూ దానికీ మధ్య ఏడేళ్లు గడిచాయి. వయోపరిమితి కచ్చితంగా ఉండే కొలువులో అది చిన్న నష్టం కాదు.

రిజర్వేషన్ కింద వయసు సడలింపు పొందినవారు ఓపెన్‌లోకి రావచ్చా అన్నది మరో చిక్కు. ఉత్తరప్రదేశ్ ఎస్సైల నియామకంపైనే వచ్చిన జితేంద్ర కుమార్ సింగ్ కేసులో 2010లో రావచ్చన్నారు, కానీ అక్కడి నిబంధనలు అందుకు అనుమతించాయి. నిబంధనలు నిషేధించిన చోట కుదరదని 2017లో దీపా కేసు తేల్చింది.

తెలంగాణలో మహిళలకు ప్రత్యేక రోస్టర్ పాయింట్లను, అంటే నియామక వరుసలో ముందే కేటాయించి ఉంచే స్థానాలను, తొలగిస్తూ 2024లో జీవో 3 వచ్చింది. దరియా లెక్కకు అది దగ్గరే అయినా, పోస్టులు తగ్గుతాయని మహిళా అభ్యర్థులు ఆందోళనకు దిగారు. ఓపెన్ జాబితా, అందులోని మహిళల సంఖ్య, ఆ తరువాత ఒక్కో సామాజిక వర్గం జాబితా ఏ వరుసలో నింపారో కటాఫ్‌లతో సహా నియామక మండలి ప్రకటిస్తే, ఎవరి పోస్టు ఎక్కడ పోయిందో తెలుసుకోవడానికి కోర్టు మెట్లెక్కాల్సిన అవసరం ఉండదు.