టీబీ కాదు, దాని దాయాది

కఫం పరీక్షలో ఏఎఫ్‌బీ (టీబీ తరహా క్రిములు) పాజిటివ్ అనగానే అమ్మ తన గ్లాసు, కంచం వేరు చేసేసుకుంది. టీబీ అనే అనుకున్నాం. క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే కల్చర్ పరీక్ష రిపోర్టు వారాల తర్వాత వచ్చింది, అందులో పేరు వేరు: మైకోబాక్టీరియం ఏవియం కాంప్లెక్స్. టీబీ క్రిమికి దాయాది అన్నమాట.

"ఇంతకుముందు టీబీ వచ్చిందా?" అని డాక్టర్ గారు అడిగారు. వచ్చింది, 30 ఏళ్ల కిందట. మందులు పూర్తిగా వాడింది, మేమంతా మర్చిపోయాం. ఊపిరితిత్తులే మర్చిపోలేదు. స్కాన్‌లో గాలిగొట్టాలు ఒకచోట సాగిపోయి ఉన్నాయి. బ్రాంకియెక్టాసిస్ అంటారట. కఫం అక్కడే నిలిచిపోతుంది, క్రిమి తీరిగ్గా కాపురం పెడుతుంది. సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకూ, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లకూ ముప్పు ఎక్కువే. ముట్లు ఆగిపోయిన, బాగా సన్నగా ఉండే ఆడవాళ్లలోనూ ఎక్కువగా కనిపిస్తుందట. అమ్మ సన్నగా ఉందని ఇన్నాళ్లూ మెచ్చుకున్నది మేమే!

ఈ క్రిమి మట్టిలో, కుళాయి నీళ్లలో ఉంటుంది, క్లోరిన్‌కు ఓ పట్టాన లొంగదు. ఇంటికొచ్చి షవర్ తల విప్పి చూశాను. లోపల వేలికి జారే సన్నటి పొర. అమ్మకు అక్కడి నుంచే వచ్చిందని చెప్పలేను గానీ, ఆ రోజే మార్చేశాను.

మూడు రకాల మందులు మొదలయ్యాయి. కఫంలో క్రిమి కనబడటం మానేశాక కూడా 12 నెలలు వాడాలి. సాధారణంగా ఇది ఒకరి నుంచి ఒకరికి అంటదని ఎన్నిసార్లు చెప్పినా, అమ్మ గ్లాసు ఇంకా విడిగానే ఉంది.